పంతులమ్మ కాగోరు ఒక సాలెయింటి బిడ్డ

షోలాపూరు తూర్పు భాగమున అశోక్ చౌకు దాటి సందులలోనికి పోయినచో మనుష్యుల మాటకంటె ముందు సాంచెల చప్పుడు వినబడును. అట్టి సందులలో ఒక ఇంటికి మేము మొన్న ఆదివారమునాడు పోయితిమి. ఇంటి యజమాని తువ్వాళ్ల కార్ఖానాలో కూలికి నేయును. ఇల్లాలు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టును. పెద్దకూతురు బి.ఏ. మూడవ సంవత్సరము చదువుచున్నది. ఆ బిడ్డ ఉపాధ్యాయిని కాగోరుచున్నదనియు, ఆ విషయమై ఇంటిలో తగవు నడచుచున్నదనియు విని పోయితిమి. పేర్లు వ్రాయవద్దని వారు కోరిరి. ఇట్టి ఇల్లు సందుకొకటి ఉండును గనుక పేరు లేకున్నను లోటు లేదు.

తగవు ఏమనగా, బిడ్డ చదువు మానుమని ఎవరును అనుటలేదు. తండ్రియే ఆమెను చదివించినాడు. బి.ఏ. ముగిసినపిదప బి.ఎడ్. చేయుమని ఆయన చెప్పుచున్నాడు. తాను డి.ఎల్.ఎడ్. చేసెదనని ఆమె పట్టుపట్టినది. పూర్వము డి.ఎడ్. అనబడిన కోర్సు ఇదియే. పన్నెండవ తరగతి తగిన మార్కులతో ప్యాసైనవారు చేరదగిన రెండేండ్ల శిక్షణ.

“గింత చదివిచ్చి, మళ్ల పన్నెండో తరగతి పిల్లలతోని కూసుంటనంటది. ఎక్కిన మెట్లు దిగుడు కాదా అన్నా?” అని తండ్రి మమ్ము అడిగెను.

“నాయినా, నాకు ఒకటో తరగతి పిల్లలే కావాలె. బి.ఎడ్. చేస్తె వాండ్లను నాకియ్యరు” అని బిడ్డ లోపలినుండియే పలికెను.

ఇద్దరి మాటలోను పస ఉన్నది. మన కుటుంబములు చాలవరకు ఎరుగని సంగతి కూడ ఇందులో ఉన్నది గనుక కొంత వివరింతుము. బి.ఎడ్. పెద్ద చదువు గనుక దానితో చిన్న తరగతులకును పెద్ద తరగతులకును పాఠము చెప్పవచ్చునని మనవారు అనుకొనుచుందురు. కొంతకాలము అది నిజమే. 2018 జూన్‌లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఒక ప్రకటన చేసి, బి.ఎడ్. వారిని 1 నుండి 5 తరగతుల ఉద్యోగములకు అర్హులుగా చేసెను. దానిని నమ్మి దేశమంతట ఎందరో బి.ఎడ్.లో చేరిరి. రాజస్థాన్ హైకోర్టు ఆ ప్రకటనను కొట్టివేసెను. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచెను. చిన్నపిల్లలకు అక్షరము దిద్దించు విద్య వేరు, దానికి తగిన శిక్షణ డి.ఎల్.ఎడ్. మాత్రమే అని కోర్టు అభిప్రాయము. బి.ఎడ్. వారికి 6వ తరగతి మొదలుకొని పై తరగతులే మిగిలినవి.

ఈ ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక కోడలు ఉన్నది. ఆమె ఆ ప్రకటన నమ్మి, పుస్తెలతాడు కుదువబెట్టి బి.ఎడ్. చేసినది. తీర్పు వచ్చుసరికి ఆమె ఎదురుచూచుచున్న తెలుగు ప్రాథమిక పాఠశాల ఉద్యోగమునకు అర్హత లేకపోయెను. ఇప్పుడు ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచున్నది. మన విద్యార్థిని తన పట్టుదలకు కారణముగా ముందుగా చూపునది ఈమెనే. “అక్క నాకంటె తెలివైనది. తోవ చెప్పేటోడు లేకపాయె, అంతే” అన్నది.

ఆ మాట మాకును తగిలినది. పన్నెండవ తరగతి ముగిసిన దినముననే ఈ బిడ్డకు సంగతి తెలిసియుండినచో మూడేండ్లు మిగిలియుండెడివి. రంగు పోవు నూలు ఏదో, నిలుచు నూలు ఏదో పిల్లలకు చెప్పగల మనము కోర్సుల విషయమున మాత్రము పక్కింటివాని మాట పట్టుకొని పోవుచున్నాము.

ఒకటవ తరగతిమీదనే ఆమెకు ఎందుకంత మక్కువ అని అడిగితిమి. దానికి ఆమె చాలసేపు సమాధానము చెప్పినది.

మన పెద్దలు నైజాము ఇలాకానుండి, కరీంనగరము, పాలమూరు, నల్లగొండ, ఓరుగల్లు ప్రాంతములనుండి ఈ ఊరికి వచ్చినవారు. 1877లో ఇచ్చట పాత మిల్లు వెలసినది. మిల్లులును మగ్గములును పెరిగినకొలది మనవారి రాకయు పెరిగినది. తరములు గడచినను ఇంటిలో తెలుగు పోలేదు. వీధిలో మరాఠీ, పొరుగున కన్నడము, కాలేజీలో ఇంగ్లీషు. పెద్దవారికి ఇది సంపద. ఆరేండ్ల పసివానికి మాత్రము మొదటి దినమున బడి పరదేశము వలె ఉండును. ఈ బిడ్డ తెలుగు బడిలో మొదలుపెట్టి, హైస్కూలునకు మరాఠీలోనికి మారినది. ఆమె తమ్ముని మొదటినుండియే మరాఠీ బడిలో వేసిరి. వాడు మొదటి రెండేండ్లు తరగతిలో నోరు విప్పలేదట. మందబుద్ధి అని ఉపాధ్యాయుడు ఇంటికి కబురంపెను. ఇంటిలో వాడు గడగడ మాటలాడును, కండెలు లెక్కపెట్టును, దారము తెగినచో చప్పుడునుబట్టి చెప్పును. “వానికి లెక్క వచ్చు. లెక్క అడిగే మాట రాదు” అని అక్క చెప్పినది.

ఇప్పుడామె సాయంకాలములందు అరుగుమీద పదిపన్నెండుమంది పిల్లలను కూర్చుండబెట్టి చదివించుచున్నది. మేము చూచిన దినమున ఎక్కము చెప్పుచుండెను. ఒక కట్టకు 25 బీడీలు. వేయి బీడీలకు కట్టలెన్ని? పిల్లలు నోరు తెరచులోపలనే చెప్పిరి, నలుబది అని. అదే లెక్కను పలకమీద మరాఠీలో వ్రాసి చదివించెను. పసిపిల్లలకు బీడీలతో లెక్క నేర్పుట మాకు నచ్చలేదు. ఆ మాట అంటిమి. “వాండ్ల ఇంట్ల ఉన్నయి అవే. రేపు పెన్సిల్లుంటె పెన్సిల్లతోని చెప్త” అని నవ్వినది. దానికి మేము బదులు చెప్పలేకపోయితిమి.

మన జిల్లాలోనే ఇందుకు పెద్ద సాక్ష్యమొకటి ఉన్నది. బార్షీ పట్టణమునకు చెందిన రంజిత్‌సింహ్ డిసలే మొదట ఇంజనీరు కాగోరి కాలేజీలో చేరెను. అది సాగలేదు. తండ్రి సలహామీద, అంత ఇష్టము లేకయే, ఉపాధ్యాయ శిక్షణలో చేరి, అచ్చటనే ఆ వృత్తిమీద మనసు పడెను. 2009లో మాఢా తాలూకాలోని పరితేవాడి జిల్లాపరిషత్తు పాఠశాలకు పోగా, బడి కట్టడము ఒక ప్రక్క పశువుల కొట్టము, మరియొక ప్రక్క సామాను గదిగా శిథిలమై ఉండెనట. పాఠ్యపుస్తకముల భాష పిల్లల తల్లిభాష కాదు. వారిది కన్నడము. ఆయన ఆ ఊరిలో కాపురముండి, కన్నడము నేర్చి, 1 నుండి 4 తరగతుల పుస్తకములను పిల్లల భాషలోనికి మార్చి, వాటిలో క్యూ.ఆర్. గుర్తులు అచ్చువేసెను. ఆ గుర్తును ఫోనుతో చూపినచో పద్యము వినవచ్చును, పాఠము చూడవచ్చును. తరువాత రాష్ట్రపు పాఠ్యపుస్తకములన్నిటిలోను ఆ పద్ధతి ప్రవేశపెట్టబడినది. 2020 డిసెంబరు 3న ఆయనకు ప్రపంచ ఉపాధ్యాయ బహుమానము, 10 లక్షల డాలర్లు వచ్చెను. అందులో సగము ఆయన తుదివరుసలోని తక్కిన 9 మందికి పంచిపెట్టెను.

ఆయన కన్నడమును నేర్చుకొనవలసివచ్చెను. మన బిడ్డకు తెలుగును ఎవరును నేర్పనక్కరలేదు. తండ్రితో ఈ మాటయే చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “మరి తెలుగు బడులు ఉంటయా అన్నా?” అని అడిగెను. సరియైన ప్రశ్న అదియే. బాలభారతి, అనగా 1967లో పుణెలో స్థాపింపబడిన రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ, తెలుగులో కూడ పుస్తకములు అచ్చువేయుచున్నది. పుస్తకము ఉన్నంతమాత్రమున పిల్లలు వత్తురా? మనమే మన పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుచు, తెలుగు తరగతులు పలచబడుచున్నవని విచారించుచున్నాము. అయితే ఈ బిడ్డ తెలుగు బడినే నమ్ముకొనలేదు. మరాఠీ బడిలో ఒకటవ తరగతి ఇచ్చినను చాలునట. అక్కడ నోరు విప్పని తెలుగు పిల్లవాడు ఒకడైనను ఉండును, వానికి తాను అక్కరకు వత్తునని ఆమె లెక్క.

ఇక ముందున్న దారి. డి.ఎల్.ఎడ్. రెండేండ్లు. పిమ్మట టెట్ పరీక్ష. 2010 నుండి దేశమంతట ఇది తప్పనిసరి, మహారాష్ట్రలో మొదట 2013లో జరిగినది. మొదటి పేపరు 1 నుండి 5 తరగతులకు, రెండవది 6 నుండి 8 వరకు. 150 మార్కులకు 90 రావలెను. వెనుకబడిన వర్గములవారికి 55 శాతము చాలును. భాషగా తెలుగును ఎన్నుకొను వీలు కలదు. దాని తరువాత 200 మార్కుల టెయిట్ అను పరీక్ష. ఇదియే అసలు చిక్కు, ఏలయనగా ఇది ఏటేటా రాదు. మొదట 2017 డిసెంబరులో, తరువాత 2023 ఫిబ్రవరి మార్చి నెలలలో, పిమ్మట 2025 మే జూన్ నెలలలో జరిగెను. ఆ మార్కులనుబట్టి పవిత్ర పోర్టల్ ద్వారా నియామకము. ఉద్యోగము వచ్చినను మొదటి మూడేండ్లు శిక్షణ సేవకురాలుగా ఉండవలెను. ఆ గౌరవవేతనము 2023 జనవరినుండి ప్రాథమికమున నెలకు 16,000, హైస్కూలున 18,000 రూపాయలు. తండ్రి బి.ఎడ్. అనుటకు ఆ రెండు వేల తేడా కూడ ఒక కారణము. కూలి కుటుంబములో రెండు వేలు రెండు వేలే.

టెట్ ప్యాసుకాక ఎట్లో ఉద్యోగములో చొరబడవచ్చునని ఎవరైనను చెప్పినచో నమ్మవలదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, పదవీకాలము ఐదేండ్లకు మించి మిగిలియున్న పాత ఉపాధ్యాయులు సైతము రెండేండ్లలో టెట్ ప్యాసు కావలెనని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మన మహారాష్ట్రనుండి పోయినదే. డొనేషను ఇచ్చినచో పని అగునని ఈ ఇంటికి కూడ ఒక మధ్యవర్తి వచ్చెనట. తల్లి చాట దింపకుండనే వానిని పంపివేసినది.

డబ్బు విషయమున ఒక సంగతి మమ్ము ఆశ్చర్యపరచినది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖ స్కాలర్‌షిప్పు ఇచ్చును. తరగతినిబట్టి ఏడాదికి 1,000 మొదలు 25,000 రూపాయలవరకు. తల్లియొక్క గుర్తింపు కార్డు పెట్టెలో చీరల క్రింద పదేండ్లుగా పడియున్నది. ఒక్కసారియు దరఖాస్తు పెట్టలేదు. “అది దవాఖానకే అనుకున్న” అని ఆ తల్లి అన్నది. ఆడపిల్లల వృత్తివిద్యకు, కుటుంబ ఆదాయము 8 లక్షల లోపు ఉన్నచో, ట్యూషను ఫీజు మాఫీని రాష్ట్ర ప్రభుత్వము 2024-25 నుండి ప్రకటించినది. ఏ కోర్సుకు, ఏ వర్గమునకు ఎంత వర్తించునో చేరుటకు ముందే కాలేజీలో అడిగి, వ్రాతమూలముగా తీసుకొనవలెను.

మేము లేచు సమయమునకు తగవు పూర్తిగా తీరలేదు. పెండ్లి సంబంధమొకటి సిరిసిల్లనుండి వచ్చియున్నదట. దానిని గురించి ఎవరును మాటలాడలేదు. తండ్రి రాత్రిపాళీకి బయలుదేరుచు, “ఆ ఫారం ఎప్పుడు వస్తదో జర కనుక్కొని చెప్పున్రి” అని మాతో అనెను. ఏ ఫారమో ఆయన చెప్పలేదు. బిడ్డ మాత్రము గడపలో నిలిచి విన్నది.

సాఖర్ పేట, భవానీ పేట, నీలంనగరు, కుంభారి బీడీ ఘర్‌కుల్ మొదలగు చోట్లనున్న చదువరులకు ఒక మనవి. మీ దగ్గరి తెలుగు బడిలో ఈ ఏట ఒకటవ తరగతిలో ఎందరు పిల్లలు చేరిరో, పాఠము చెప్పువారెందరో, మీ ఇంటిలో పన్నెండవ తరగతి వ్రాయుచు ఉపాధ్యాయ వృత్తి కోరు బిడ్డలు ఎవరైన ఉన్నారో మాకు ఒక కార్డు వ్రాయుడు. వచ్చిన లెక్కను వచ్చే సంచికలో అచ్చువేయుదుము.