గృహాలంకరణలో పొందిక

‘ఇంటిని చూచి ఇల్లాలిని చూడు’ అన్నారు పెద్దలు. ఇంటి తీరుకు ఇంటాయన కూడ బాధ్యుడేనని సూరత్ వచ్చిన తరువాతనే నాకు బోధపడినది.

సూరత్ వస్త్రనగరం. తెలంగాణ నుండి వలస వచ్చిన మన నేతన్నలు ఎందరో ఇక్కడి మరమగ్గాలపై పనిచేస్తున్నారు. ఇక్కడి బజారులో నిగనిగలాడే పెద్ద పువ్వుల పాలిస్టర్ తెరలు, పెద్ద గళ్ళ సోఫా గుడ్డలు నేనే ముచ్చటపడి కొన్నాను. విడివిడిగా అన్నీ అందమైనవే. ఒకే గదిలో చేరేసరికి కంటికి విశ్రాంతి కరవైనది. మా అత్తగారిచ్చిన వరంగల్ జంఖానా వీటి నడుమ ఇమడదని అటక ఎక్కించాను. శ్రీమతి ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఆలోచింపజేసినది.

లోపం జంఖానాది కాదు, నా ఎంపికది. పాలిస్టర్ పోగు పొడవైనది, నునుపైనది. వెలుగును అద్దంవలె త్రిప్పి పంపుతుంది, కనుక మెరుస్తుంది. ప్రత్తి నూలు పొట్టి పీచులను పేని వడికినది. వెలుగును నలువైపులకు చెదరగొట్టి మెత్తగా కనబడుతుంది. అన్నీ మెరిసేవే అయితే ఏదీ శోభించదు. ప్రక్కన గరుకైనది ఒకటి ఉంటేనే మెరుపుకు విలువ.

నమూనాల విషయంలో మూడు సూత్రాలు గుర్తుంచుకొంటే చాలు. మొదటిది పరిమాణం: పెద్ద పువ్వుల ప్రక్కన సన్నని చారలు నప్పుతాయి, అంతే పెద్ద గళ్ళు నప్పవు. సూరత్ సదేలీ పెట్టెల మీది సన్నని జ్యామితీయ పొదుగుపని పెద్ద పువ్వులకు చక్కని జోడు. రెండవది రంగు: అన్నింటిలోను ఒక్క రంగైనా ఉమ్మడిగా ఉండాలి. మూడవది విరామం: గోడనో, సోఫానో సాదాగా వదలాలి.

అంచులను కూడ గమనించాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును ముడివేసి రంగులో ముంచుతారు గనుక నమూనా అంచు కొంచెం చెదిరినట్లుంటుంది. మచిలీపట్నం కలంకారీ అద్దకంలో అంచు స్పష్టంగా ఉంటుంది. రంగు కలిస్తే ఈ రెండూ ఒకదానికొకటి అందాన్నిస్తాయి.

బట్ట కొనే ముందు చిన్న ముక్కను తెచ్చి ఇంట్లో పగటి వెలుగులోను, రాత్రి దీపం క్రిందను చూడాలి. దుకాణంలో కలిసిన రంగులు ఇంట్లో విడిపోవచ్చు.

మా సోఫాకు ఇప్పుడు సాదా ముతక నూలు గుడ్డ. తెరల ఎరుపే జంఖానా చారలలోను ఉన్నదని అప్పుడు గాని నా కంటబడలేదు. జంఖానా అటక దిగినది. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది గాని, మా ఇంట్లో దానికి గుర్తింపు ఆలస్యంగానే దక్కినది! మొన్న మా అత్తగారు వచ్చి, సోఫాను కాదని నేరుగా దానిమీదనే కూర్చున్నారు.

క్రొత్తవి కొనే ముందు ఇంట్లో ఉన్నవాటిని ప్రక్కప్రక్కన పరచి ఒకసారి చూడండి.