బోటులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

మన హాస్టల్ చివరి గదిలో వాన నీళ్లు సరిగ్గా ట్రంకుపెట్టెల మీద పడేవి, పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. స్లాబు పగిలింది మాత్రం అక్కడ కాదు, నాలుగడుగుల అవతల. మోటారు బోటులోనూ ఇంతే. నీరు నిలిచేది ఒకచోట, దూరేది మరోచోట.

మాది కాకినాడ. నాన్న ఒక ఫైబర్ బోటులో కలాసీ. జీతం ఉండదు, వాటాయే. గత సంవత్సరం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం ముగిసి బోటు దించిన మొదటి వారంలోనే ఇంజను కింద చీలమండ లోతు నీళ్లు చేరాయి. రెండు నెలలు ఆదాయం లేని ఇంట్లో బోటు ఒక్కరోజు ఆగినా కష్టమే. అందరూ ఒకటే మాట: "గ్లాండు పోయింది."

ఇంజను నుంచి ప్రొపెల్లరుకు వెళ్లే షాఫ్టు బోటు అడుగు గుండా బయటికి పోతుంది. ఆ సందులో గ్రీజు పట్టించిన తాడు లాంటి ప్యాకింగును చుట్టి నట్లతో బిగిస్తారు. అదే గ్లాండు. షాఫ్టు తిరుగుతున్నప్పుడు అక్కడ నిమిషానికి కొన్ని చుక్కలు పడటం లోపం కాదు, ఆ చుక్కలే ప్యాకింగును చల్లబరుస్తాయి. అతిగా బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరిగిపోతుంది. మేం చేసింది సరిగ్గా అదే. స్పానరు పట్టింది ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివిన నేనే! షాఫ్టు కాలింది, నీళ్లు తగ్గలేదు.

అప్పుడు నాన్న, "ఎక్కడున్నాయని కాదురా, ఎప్పుడొస్తున్నాయో చూడు" అన్నాడు.

ముందు నీళ్లన్నీ తోడి, అడుగంతా గుడ్డతో పొడిగా తుడిచాం. ఇంజను ఆపి, రేవులో కట్టేసి గంటసేపు చూశాం. చుక్క లేదు. నీటిమట్టం కింద చిల్లు ఉంటే ఇంజనుతో పని లేకుండా నీరు వస్తుంది. అడుగు మేర లోతులో అంగుళం చిల్లు పడితే నిమిషానికి 40 లీటర్లకు పైనే. ఈ లెక్క నాకు వచ్చు, కానీ అక్కడ అడగవలసిన ప్రశ్న తట్టింది మాత్రం నాన్నకే.

తర్వాత ఐసు పెట్టె. కరిగిన ఐసు కూడా అడుగుకే చేరుతుంది. తాజాగా చేరిన చుక్కను నాలుకకు తాకించి చూస్తే తెలిసిపోతుంది: చప్పగా ఉంటే ఐసుదో వానదో, ఉప్పగా ఉంటే సముద్రానిది. మాది ఉప్పే.

ఇక ఇంజను వేసి, అడుగున ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం. (తిరిగే షాఫ్టు, బెల్టు దగ్గర లుంగీ, తువ్వాలు ఉండకూడదు. చెయ్యి అసలే పెట్టకూడదు.) నెమ్మదిగా నడిచినంతసేపు ఏమీ లేదు. వేగం పెంచగానే తెల్లటి పౌడరు మీద సన్నటి తడి గీత పడింది. అది గ్లాండు వైపు పోతోంది, అక్కడి నుంచి రావడం లేదు!

గీత వెంట వెనక్కి వెళితే ఇంజనును చల్లబరిచిన సముద్రపు నీటిని బయటికి పంపే రబ్బరు గొట్టం కనిపించింది. క్లిప్పు పక్కనే, కింది వైపు చీలిక. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. పంపు ఒత్తిడి పెరిగితేనే చీలిక తెరుచుకుంటోంది.

ఇంజను ఆపి గొట్టం మార్చి, రెండేసి క్లిప్పులు వేశాం. ప్యాకింగు మాడిపోవడంతో దాన్నీ మార్చాల్సి వచ్చింది, అది నా పుణ్యమే. మళ్లీ చుక్కలు పడేదాకా నాన్న గ్లాండు నట్లు వదులు చేశాడు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటలకు బోటు వేటకు వెళ్లింది.