మడిగెల ముందు వాననీరు: మోరీకి మొదట కావలసినది మత్తడి

వర్షం కురిసినప్పుడు ఒక ఆవరణలోని కప్పుల మీద, గచ్చు మీద, బండ్లు నిలిపే జాగా మీద పడిన నీటిని ఒకచోట చేర్చి, సరుకుకూ గోడలకూ మనుషులకూ నష్టం కలగకుండా దిగువన ఉన్న వాగుకో చెరువుకో ఊరి పెద్దకాలువకో దాటించే మార్గమే వాననీటి మోరీ. మరుగుదొడ్లు, వంటగదుల నుంచి వచ్చే మురుగునీటి మోరీకీ దీనికీ స్వభావంలోనే తేడా ఉంది. మురుగు ప్రతిరోజూ కొద్దికొద్దిగా పారుతుంది. వాననీరు ఏడాదిలో చాలా రోజులు జాడ లేకుండా ఉండి, వచ్చిన రోజు గంటలోపే కాలువ నిండా వస్తుంది. రెండింటికీ ఒకే కాలువ తవ్విన చోట ఎండకాలంలో మురుగు నిలిచి దోమలు పెరుగుతాయి, వానకాలంలో ఆ మురుగే వాననీటితో కలిసి దుకాణం గడప దాటుతుంది. అందువల్ల ఈ రెండు మార్గాలనూ మొదటి నుంచి విడివిడిగానే కట్టాలి.

2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలైన తరువాత వాటి చుట్టూ, వాటిని కలిపే రోడ్ల వెంట, బయ్యారం వంటి మండల కేంద్రాల్లో కూడా పంట భూములు మడిగెలుగా, ఫంక్షన్ హాళ్లుగా, పెట్రోల్ బంకులుగా, రైస్ మిల్లులుగా మారుతూ వచ్చాయి. పొలం ఉన్నంతకాలం దాని గట్లు వానను కొంత ఆపేవి, మట్టి కొంత తాగేది, మిగిలినది మెల్లగా ఒర్రెలోకి దిగేది. ఆ స్థానంలో రేకుల కప్పు, సిమెంటు గచ్చు వచ్చాక ఆపేదీ లేదు, తాగేదీ లేదు. నీరు పెరగలేదు, పడిన నీటిలో పారే వంతు పెరిగింది, పారే వేగం పెరిగింది. వాణిజ్య స్థలాల్లో నీరు నిలవడానికి మూలకారణం ఇదే.

దీనిని లెక్కగా చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఒక ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,047 లీటర్ల నీరు. గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో కురిసే జడివానలో, కేవలం పది నిమిషాల్లోనే ఆ ఎకరం మీద 40 వేల లీటర్లకు పైగా పడుతుంది. పడిన దానిలో ఎంత భాగం పారుతుందో చెప్పే అంకెను ఇంజనీర్లు ప్రవాహ గుణకం అంటారు. దున్నిన చేనుకు అది 0.3 దగ్గర ఉంటే, కప్పులూ గచ్చులూ నిండిన స్థలానికి 0.9 దగ్గర ఉంటుంది. గుణకాన్ని వాన తీవ్రతతోనూ విస్తీర్ణంతోనూ హెచ్చించి ప్రవాహాన్ని రాబట్టడం మోరీ కొలతలకు తొలి మెట్టు. ఆ లెక్కన, పై జడివానలో చేను నుంచి సెకనుకు 20 లీటర్లు వచ్చే చోట, అదే ఎకరంలో వ్యాపార సముదాయం కట్టాక 60 లీటర్లు వస్తాయి. నీటి దారి మాత్రం చేను నాటి ఒర్రెగానే మిగిలిపోతుంది; కొన్నిచోట్ల మోరంతో పూడ్చినందువల్ల అదీ మిగలదు.

నీటిని కట్టడి చేసే పనిలో బయ్యారానికి చాలా పాత చరిత్ర ఉంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువు ఇక్కడిది. ఆ సందర్భంలో వేయించిన బయ్యారం చెరువు శాసనాన్ని కాకతీయుల వంశక్రమాన్ని చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటిగా చరిత్రకారులు గుర్తించారు. అయితే చెరువు కట్టినవారి తెలివి కట్ట ఎత్తులో కంటే మత్తడిలో ఎక్కువగా కనిపిస్తుంది. మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీరు కట్టను తెంచకుండా పొర్లిపోవడానికి కట్ట మట్టానికి తక్కువలో, గట్టి నేల చూసి, రాతితో కట్టిన దారి. ఆ దారిన పోయిన నీరు దిగువ చెరువుకు చేరుతుంది, అది నిండితే మరో చెరువుకు పోతుంది. ఇలాంటి గొలుసుకట్టు చెరువులు ఓరుగల్లు ప్రాంతమంతటా ఉన్నాయి. ఎంత నీరు పట్టాలన్న ప్రశ్నకు ముందే, పట్టనిది ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ఆ నిర్మాతలు జవాబు సిద్ధం చేసుకున్నారు. నేటి వాణిజ్య నిర్మాణాల్లో లోపించినది సరిగ్గా ఈ క్రమమే: ముందు మడిగెలు కట్టి, తరువాత వాటి ముందు కాలువ తవ్వి, ఆ కాలువ చివర ఏముందో ఆఖరున చూస్తున్నారు.

నీరు నిలిచే స్థలానికి యజమాని సాధారణంగా చేసే మొదటి పని మోరం పోయించి నేలను ఎత్తు చేయడం. దానితో తన గచ్చు మీది నీరు పక్కవాని ఆవరణకు దిగుతుంది. రెండేళ్లకు పక్కవాడు కూడా ఎత్తు పెంచుతాడు. ఈలోపు పాత తారును గీకకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోవడంతో రోడ్డు మట్టం పెరిగి, ఒకప్పుడు రోడ్డు కంటే ఎత్తులో ఉన్న దుకాణాలు పల్లంలో పడతాయి. ఈ పోటీలో ఎవరూ గెలవరు, ఎందుకంటే నీరు పోవలసిన చివరి చోటు అందరికీ ఒకటే, దానిని ఎవరూ బాగుచేయలేదు.

మోరీ నీరు బయటికి పడే ఆ చివరి చోటును నీటి నిర్గమం అనవచ్చు. దాని మట్టాన్ని ఎండకాలంలో కొలిస్తే సరిపోదు. వాగు లేదా పెద్దకాలువ నిండుగా పారే రోజున అక్కడి నీటి మట్టం ఎంతో తెలియాలి. వాగు నీటి మట్టం మోరీ నోటి కంటే పైకి వస్తే, లోపలి నీరు బయటికి పోదు సరికదా, బయటి నీరే పైపు గుండా ఎదురు తన్ని గచ్చు మీదికి వస్తుంది. ఆవరణలో ఎంత వెడల్పైన మోరీ కట్టినా ఈ ఎదురుపోటును అది ఆపలేదు. వరంగల్, హనుమకొండ పట్టణాలు 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ నీట మునిగినప్పుడు నయీంనగర్, హంటర్ రోడ్డు ప్రాంతాల్లో తేలిన విషయం కూడా ఇదే. ఎగువ చెరువుల మత్తళ్ల నీటినీ కాలనీల వాననీటినీ మోయవలసిన నాలాలు ఇరుకైపోవడం వల్ల, వాటి ఒడ్డున ఉన్న వీధి కాలువలకు నీటిని వదిలే చోటే లేకపోయింది. ఆ తరువాత నయీంనగర్ నాలాను వెడల్పు చేసి, ప్రవాహానికి అడ్డుగా మారిన పాత వంతెనను 2024లో తీసివేసి కొత్తది కట్టవలసి వచ్చింది.

నిర్గమం తేలాక చూడవలసినది వాటం. తాపీ పనివారు వాలుకు వాడే మాట ఇదే. కంటికి సమంగా కనిపించే ఆవరణలో కూడా అరడుగు తేడా ఉండవచ్చు కాబట్టి, లెవెల్ పైపుతోనైనా లెవెల్ యంత్రంతోనైనా గచ్చు మట్టం, రోడ్డు మట్టం, నిర్గమం మట్టం కొలిచి కాగితం మీద పెట్టిన తరువాతే తవ్వకానికి దిగాలి. పైన చెప్పిన ఎకరం స్థలానికే 300 మిల్లీమీటర్ల సిమెంటు పైపు వేశారనుకుంటే, 200 అడుగులకు ఒక అడుగు వాటం ఉన్నప్పుడు అది నిండుగా పారి సెకనుకు 68 లీటర్ల వరకు మోస్తుంది. అంటే అవసరమైన 60 లీటర్లకు సరిపోతుంది. అదే పైపును 800 అడుగులకు ఒక అడుగు వాటంతో వేస్తే మోసేది సగానికి, అంటే 34 లీటర్లకు పడిపోతుంది. నష్టం అంతటితో ఆగదు. నీటి వేగం సెకనుకు అర మీటరుకు దిగిపోయి, నీటితో వచ్చే మట్టి, ఇసుక కొట్టుకుపోకుండా అడుగున పేరుకుంటాయి. రెండు వానకాలాలు గడిచేసరికి పైపు లోపలి జాగానే తగ్గుతుంది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో వాననీటి కాలువల రూపకల్పన మీద ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథాన్నే వెలువరించింది; పంచాయతీ ఇంజనీర్లకైనా ప్రైవేటు గుత్తేదార్లకైనా లెక్కలన్నీ అందులో దొరుకుతాయి. మేస్త్రీ అంచనాతోనే పైపు సైజు నిర్ణయించే అలవాటు పోవడానికి ఇకనైనా సాకు మిగలలేదు.

నిర్మాణం ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు సాగాలి. నిర్గమం దగ్గర మొదలుపెట్టి పైకి వస్తే, పని మధ్యలో వాన వచ్చినా తవ్విన గుంతలో నీరు నిలవకుండా కట్టినంత మేర దారిన బయటికి పోతుంది, వాటం తప్పే అవకాశమూ తక్కువ. కందకం అడుగున మెత్తని మట్టి ఉంటే తీసివేసి, ఇసుక లేదా పలచని కాంక్రీటు పరుపు వేసి, దాని మీద పైపును పొడవంతా ఆనేలా కూర్చోబెట్టాలి. రాళ్ల మీద అక్కడక్కడా ఆనిన పైపు, పైన బరువు పడగానే అతుకు దగ్గర విరుగుతుంది. రైస్ మిల్లు ముందు ధాన్యం లారీలు తిరిగే చోట మామూలు హ్యూం పైపు పనికిరాదు. బరువైన వాహనాల కోసం ఎన్‌పీ3, ఎన్‌పీ4 తరగతులుగా తయారయ్యే మందమైన పైపులు వేయాలి, లేదా పైన గట్టి పలకలు కప్పిన కాంక్రీటు మోరీ కట్టాలి.

పైపు దిశ మారే ప్రతి మలుపులోనూ, తిన్నగా పోయే చోట కూడా కొంత దూరానికొకటి చొప్పున చాంబర్ ఉండాలి. ఈ చిన్న కట్టడాన్ని దగ్గరగా పరిశీలించడం అవసరం, ఎందుకంటే మోరీ ఆయుష్షు చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. చాంబర్ అడుగును బయటికి పోయే పైపు అడుగుతో సమంగా కట్టకూడదు. ఒక అడుగు లోతు ఎక్కువ ఉంచాలి. జాలి గుండా దిగిన నీరు ఆ లోతులో ఒక క్షణం నెమ్మదించి, తెచ్చిన ఇసుకనూ ఊకనూ చెత్తనూ అక్కడ వదిలి, పైనీరు మాత్రమే పైపులోకి పోతుంది. పేరుకున్న పూడికను పారతో ఎత్తి పారేయవచ్చు. పైపు లోపల చేరితే అలా తీయడం సాధ్యం కాదు. జాలి ఊచలు మరీ దగ్గరగా ఉంటే ఒక్క ప్లాస్టిక్ సంచి చాలు నీటిని ఆపడానికి. మరీ దూరంగా ఉంటే పిల్లల కాలు, సైకిల్ చక్రం దిగుతాయి. ఊచలను నడిచే దిశకు అడ్డంగా పెట్టడం మంచిది. పెట్రోల్ బంకుల్లో, బండ్లు కడిగే చోట్ల నూనె వాగులో కలవకుండా, తేలిన నూనెను ఆపి అడుగు నీటిని మాత్రమే వదిలే గదిని మోరీకి ముందు కట్టడం తప్పనిసరిగా భావించాలి.

వాగు నిండినప్పుడు నిర్గమం దగ్గరి నీటి మట్టం ఆవరణ కంటే పైకి వచ్చే చోట పైపు ఒక్కటే సమస్యను తీర్చదు. అక్కడ వచ్చిన నీటిని వెంటనే పంపే ప్రయత్నం మాని, కొంతసేపు ఆపి మెల్లగా వదిలే ఏర్పాటు చేయాలి. ఫంక్షన్ హాలు ముందరి ఖాళీ స్థలాన్ని ఒక మూలకు అరడుగు లోతు చేసి, చిన్న పైపుతో బయటికి కలిపితే, జడివాన నీరు గంటసేపు అక్కడ నిలిచి వాగు తగ్గాక దానంతట అదే ఖాళీ అవుతుంది. వాగు ఎదురుతన్నే ప్రమాదం ఉంటే పైపు నోటికి ఒకవైపే తెరుచుకునే తలుపు బిగించాలి. ఇంకుడు గుంతలు కూడా ఉపయోగపడతాయి, కానీ చల్క నేలల్లో ఇంకినట్టు నల్లరేగడిలో నీరు ఇంకదు. రేగడి తడిసి ఉబ్బాక గుంత నీటి తొట్టిగా మిగులుతుంది. సెల్లార్ తవ్విన భవనాలకు పంపు తప్పదు, అయితే సెల్లార్‌లోకి దిగే దారి మొదట్లోనే రోడ్డు కంటే ఎత్తైన గడప కడితే ఆ పంపుకు పని చాలా తగ్గుతుంది.

ఏ మోరీ అయినా ఒక హద్దు వరకే పనిచేస్తుందని కూడా ఒప్పుకోవాలి. 2023 జులై 27న ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజున ఆ జిల్లాలోని మోరంచపల్లి గ్రామం వరదలో చిక్కుకుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది మట్టి, కంకర కొట్టుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి. అంత వానను మోసే పైపు వేయడం ఎవరి తరమూ కాదు, వేయాలని లెక్కకట్టడమూ సరికాదు. తరచుగా వచ్చే జడివానకు మోరీ, అరుదుగా వచ్చే మహావర్షానికి నేల మీద తెరిచి ఉంచిన దారి, ఈ రెండూ కలిస్తేనే ఒక స్థలానికి పూర్తి రక్షణ. ప్రహరీని నలువైపులా మూసి కట్టడం వల్ల ఆవరణ చెరువైపోతుంది కాబట్టి, పల్లం వైపు గోడ అడుగున జాలీల వంటి ఖాళీలు వదిలి, రెండు భవనాల మధ్య సందును ఏ గదీ కట్టకుండా ఖాళీగా ఉంచాలి. అది ఆవరణకు మత్తడి.

ఆ దారి ఇతరుల భూమిలో ఆగిపోకుండా చూసేది చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు ఉత్తర్వులోని భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు ఖాళీ వదలాలి. వాగు లేదా నాలా 10 మీటర్లకు మించిన వెడల్పుదైతే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. స్థలం కొనేవారు రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు గ్రామ నక్షాలో ఒర్రె గీత ఎక్కడ ఉందో చూసుకోవడం ఎంతో అవసరం. ఆ గీత మీద కట్టిన మడిగెకు ఎంత ఖర్చుపెట్టి మోరీ తవ్వినా, ప్రతి పెద్ద వానకూ నీరు తన పాత దారి వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది.

ఒక్కో దుకాణదారు తన షట్టరు వెడల్పు మేరకు ఒక్కో కొలతతో, ఒక్కో లోతుతో కాలువ కట్టుకోవడం రోడ్డు వెంట ఉన్న మండల కేంద్రాలన్నిటిలో కనిపించే దృశ్యం. పది మడిగెల ముందు పది రకాల అడుగు మట్టాలు ఉన్న కాలువలో నీరు పారదు, మెట్టు మెట్టున నిలుస్తుంది. ఇలాంటి వరుసల్లో యజమానులు కలిసి, పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇంజనీరు చేత ఒకే మట్టాల పట్టిక గీయించుకుని, ఖర్చును ముందుభాగం పొడవును బట్టి పంచుకుని, ఒకే మోరీని నిర్గమం దాకా కట్టుకోవడం మేలైన పద్ధతి. పనిని వేసవి మొదట్లో ఆరంభించి మృగశిర కార్తెలోపు ముగించాలి. కందకం పూడ్చకముందే ఎగువ చాంబర్‌లో ఒక ట్యాంకరు నీరు వదిలి, దిగువ నోటి దగ్గర ఎంతసేపటికి వస్తుందో, మధ్యలో ఏ చాంబర్‌లో నిలుస్తుందో, ఏ అతుకు దగ్గర కారుతుందో చూసి, తప్పులు సరిచేసిన తరువాతే గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించాలి.