హైకోర్టు నెత్తిన దీపం

చెన్నై జార్జిటౌన్‌లో, ఓడరేవుకు ఎదురుగా, ఎర్ర ఇటుక గోడలు, గుమ్మటాలు, కమానులతో మద్రాసు హైకోర్టు నిలబడి ఉంటుంది. 1892లో ప్రారంభమైన ఈ భవనానికి తుది రూపమిచ్చిన వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్. మొగలుల, దక్కను సుల్తానుల నాటి కట్టడాల పోకడలను ఆంగ్లేయ ఇంజినీర్లు మళ్లీ వాడుకలోకి తెచ్చిన ఇండో-సారసెనిక్ శైలి ఇది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడే దాకా కోస్తా, రాయలసీమ జిల్లాల వాళ్లు హైకోర్టుకు వెళ్లాలంటే రైలెక్కి ఇక్కడికే రావాలి.

కోర్టుకు నౌకలతో పనేమిటనిపిస్తుంది. కానీ 1894 నుంచి 1977 వరకు నగర దీపస్తంభం ఈ భవనం ప్రధాన గోపురమే. అంతకుముందు అదే ఆవరణలోని రాతి స్తంభం ఆ పని చేసేది. అది ఇప్పటికీ ఉంది.

రాతి స్తంభం ఎత్తు సుమారు 38 మీటర్లు, గోపురం ఎత్తు సుమారు 53. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరపు దీపం సముద్రపు వంపు చాటుకు వెళ్లిపోతుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే, కిలోమీటర్లలో ఆ హద్దు తెలుస్తుంది. దీపాలు దాదాపు ఆ ఎత్తుల్లోనే ఉన్నాయనుకుంటే స్తంభానికి 22 కిలోమీటర్లు, గోపురానికి 26. అదనంగా 15 మీటర్లు లేపితే దక్కింది నాలుగు కిలోమీటర్లే! దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. అయితే నావికుడు కూడా నీటి మట్టానికి పైనే ఉంటాడు కదా. అతని కళ్లు 9 మీటర్ల ఎత్తున ఉంటే మరో 10 కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ రేవులోని చమురు ట్యాంకులపై గుళ్లు కురిపించినప్పుడు ఒకటి ఈ ఆవరణ గోడనూ తాకింది. ఆ చోట ఫలకం ఉంది.

గోడలకు ఫిరంగి గుండు కన్నా మొండి శత్రువు ఉప్పుగాలి. ఆనాటి కట్టడాల్లో ఇటుకల మధ్య ఉండేది సున్నం. దానిలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ బయటికి పోతుంది. మరమ్మతు పేరిట ఆ సందుల్లో సిమెంటు కూరితే తేమకు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడది ఇటుకలోంచే ఆవిరవుతుంది. వెంట తెచ్చిన ఉప్పు ఇటుక పైపొర కింద స్ఫటికాలుగా పేరుకుని, ఉబ్బి, పెచ్చులు రాలుస్తుంది. చౌకగా, త్వరగా అయ్యే ఈ పని పాత భవనాలకు చేటు.

సున్నంతోనే చేద్దామంటే ఓపిక కావాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ అది నెమ్మదిగా సున్నపురాయిగా మారుతుంది. లోపలి పొరలకు నెలలు పడుతుంది. మొదట్లో తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి, తాపీ పని అంతకు చాలా ముందే ముగియాలి.