కంప్యూటరును తొందరపెట్టవచ్చా?

పెళ్ళివారింట పసుపు దంచడం మీరు చూసే ఉంటారు. రోలు ఒక్కటే. చుట్టూ ఇద్దరో ముగ్గురో ముత్తయిదువలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క రోకలి. ఒకరి రోకలి పైకి లేస్తుంటే మరొకరిది కిందికి దిగుతుంది. ఒకదానికొకటి తగలవు. అందరూ ఒకే లయకు లోబడి పోటు వేయడమే దీనికి కారణం. లయ పెంచితే పని త్వరగా తెములుతుంది. కాని ఎంతవరకు పెంచవచ్చు? వారిలో అందరికంటె నెమ్మదిగా రోకలి ఎత్తేవారు అందుకోగలిగినంత వరకే. అది దాటిందా, రోకలికి రోకలి తగులుతుంది, పసుపు రోటి బయట పడుతుంది.

కంప్యూటరు లోపల జరిగేది కూడా సరిగ్గా ఇలాంటిదే. తయారుచేసినవారు నిర్ణయించిన లయకంటె ఎక్కువ లయతో దాన్ని పనిచేయించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అమలాపురంలోనూ రాజోలులోనూ కంప్యూటర్ ఆటలు ఆడే కుర్రవాళ్ళ నోట ఈ మాట తరచు వినిపిస్తుంది. "అదనపు వేగం ఉచితంగా వస్తుంది" అని కొందరంటారు. "అది కంప్యూటరును చంపుకోవడమే" అని మరికొందరంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో లెక్కవేసి చూద్దాం, రండి.

లయ ఎక్కడినుంచి వస్తుంది?

కంప్యూటరు పెట్టె తెరిస్తే లోపల ఒక పెద్ద పలక కనిపిస్తుంది. అదే మదర్‌బోర్డు. ప్రాసెసరు, మెమొరీ, తక్కిన భాగాలన్నీ దానికే అమరి ఉంటాయి. మీ చేతి గడియారంలో ఉన్నట్లే ఇక్కడ కూడా ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. విద్యుత్తు అందగానే అది క్రమం తప్పకుండా కంపిస్తుంది. ఆ కంపనాల ఆధారంగా సెకనుకు 10 కోట్ల టిక్కులు కొట్టే మూల గడియారం తయారవుతుంది. దీన్నే 100 మెగాహెర్ట్జ్ అంటాం. ప్రాసెసరు ఈ లయను ఒక గుణకంతో హెచ్చవేసుకుంటుంది. గుణకం 36 అయితే 100 × 36 = 3,600 మెగాహెర్ట్జ్, అంటే 3.6 గిగాహెర్ట్జ్. సెకనుకు 360 కోట్ల టిక్కులన్నమాట!

ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య విద్యుత్ సంకేతం ఎన్నో ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి. మరి దానికి ఉన్న వ్యవధి ఎంత? 4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కు వ్యవధిలో కాంతి సైతం శూన్యంలో 7.5 సెంటీమీటర్లు మాత్రమే వెళ్ళగలదు. తీగల్లో సంకేతం అంతకంటె నెమ్మది. లోపల ఉన్న లక్షల దారుల్లో అన్నిటికంటె ఆలస్యమైన దారి ఏదో, అదే మొత్తం ప్రాసెసరు వేగానికి హద్దు. రోకళ్ళ దగ్గర చూసింది ఇదే కదా!

అదనపు వేగం ఎందుకు మిగిలి ఉంటుంది?

"మాస్టారూ, ఎక్కువ వేగంతో నడిచే చిప్పును తక్కువ వేగమని చెప్పి ఎందుకు అమ్ముతారండీ?" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది చూడండి. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయలను పరిమాణాన్నిబట్టి వేరుచేస్తారు. ఒకే చెట్టు కాయలైనా అన్నీ ఒక్కలా ఉండవు కదా! చిప్పులూ అంతే. ఒకే సిలికాన్ బిళ్ళమీద తయారైనవాటిలో కొన్ని వేగంగా, కొన్ని నెమ్మదిగా పనిచేస్తాయి. కర్మాగారంలో పరీక్షించి తరగతులుగా విడదీస్తారు. తక్కువ ధర చిప్పులకు గిరాకీ ఎక్కువైనప్పుడు మంచి చిప్పులు కూడా ఆ తరగతిలోకి చేరతాయి.

రెండవది ఇంకా ముఖ్యం. గోదావరి మీద కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య నడిచే పంటును తలచుకోండి. గాలి లేని రోజున అది పరిమితికి మించి పదిమందిని ఎక్కించుకున్నా ఒడ్డు చేరవచ్చు. అయినా ఎక్కించకూడదు. పరిమితిని పెట్టేది ప్రశాంతమైన రోజు కోసం కాదు, గాలి లేచిన రోజు కోసం. చిప్పు కూడా మండువేసవిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, కొంత పాతబడ్డాక కూడా తప్పు లేకుండా పనిచేయాలి. అందుకే కొంత వేగాన్ని వాడకుండా మిగిలిస్తారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ఖర్చుపెట్టేది ఈ మిగులునే.

ఒక్కొక్కప్పుడు ఈ మిగులు చాలా పెద్దదిగా ఉండేది. 1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసరును విడుదల చేసింది. దాని మూల లయ 66 మెగాహెర్ట్జ్, గుణకం 4.5, వేగం 300. మదర్‌బోర్డులో మూల లయను 100కు మారిస్తే 100 × 4.5 = 450 మెగాహెర్ట్జ్! ఒకేసారి 50 శాతం పెరుగుదల. చాలా చిప్పులు దీన్ని తట్టుకున్నాయి. అంతకుముందు ఇలాంటి మార్పు చేయాలంటే బోర్డు మీద జంపర్లనే చిన్న బిరడాలను పీకి వేరేచోట తగిలించాలి. ఎబిట్ బిహెచ్6 వంటి బోర్డులు వచ్చాక తెరమీద మీట నొక్కి మార్చుకునే వీలు కలిగింది. ప్రపంచమంతటా విద్యార్థులు ఉత్సాహంగా ఈ ప్రయోగం చేశారు. కొందరు మోసగాళ్ళు మాత్రం చవక చిప్పుల మీద పెద్ద అంకెలు ముద్రించి అమ్మడానికి దిగారు. తయారీదారులు చాలా చిప్పుల్లో గుణకానికి తాళం వేయడానికి ఇది కూడా ఒక కారణం.

వేడి లెక్క

వేగం పెంచితే సంకేతానికి వ్యవధి తగ్గుతుంది. అది సమయానికి చేరాలంటే వోల్టేజి పెంచాలి. మేడమీది నీళ్ళ ట్యాంకును ఇంకా ఎత్తున పెడితే కింద బిందె త్వరగా నిండుతుంది కదా, అలాగన్నమాట. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ట్రాన్సిస్టర్లు మారేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనులోమంగా పెరుగుతుంది. వోల్టేజికి మాత్రం దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఖర్చయిన విద్యుత్తంతా చివరకు వేడిగా మారవలసిందే.

ఒక లెక్క చేద్దాం. వేగాన్ని 3.0 నుంచి 3.6 గిగాహెర్ట్జ్‌కు, అంటే 20 శాతం పెంచాం. అందుకోసం వోల్టేజిని 1.20 నుంచి 1.32కు, అంటే 10 శాతం పెంచాం. అప్పుడు వేడి 1.2 × 1.1 × 1.1 = 1.452 రెట్లు. వేగం పెరిగింది 20 శాతం, వేడి పెరిగింది 45 శాతం! ఇది ఉచితమేనా, మీరే చెప్పండి.

ఈ వేడిని బయటికి పంపాలి. ఫ్యాను ఎంత పెద్దదైనా ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లగా చేయలేదు. ప్రాసెసరు గదికంటె 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకోండి. చలికాలంలో గది 25 డిగ్రీలుంటే అది 65 దగ్గర ఆగుతుంది. మే నెలలో గది 38 అయితే 78కి చేరుతుంది. డిసెంబరులో నిలబడిన ఓవర్‌క్లాకింగ్ మే నెలలో కుప్పకూలడానికి ఇదే కారణం. మన కోనసీమలో దీనికి తోడు సముద్రపు గాలి ఒకటి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామాల గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి. అవి దుమ్ముతో కలిసి లోహపు అతుకులను తుప్పుపట్టిస్తాయి.

రికార్డుల కోసం ప్రయత్నించేవారు గది గాలితో సరిపెట్టుకోరు. సున్నాకు దిగువన 196 డిగ్రీలుండే ద్రవ నైట్రోజన్‌ను, 269 డిగ్రీలుండే ద్రవ హీలియంను ప్రాసెసరు మీద పోస్తారు. 2011లో ఎఎండి ప్రాసెసరు ఒకటి ఇలా 8.4 గిగాహెర్ట్జ్‌ను దాటింది. 2022లో ఇంటెల్ ప్రాసెసరు 9 గిగాహెర్ట్జ్‌ను దాటింది. అయితే అవి కొద్దిసేపటి విన్యాసాలు. ఆ కంప్యూటర్ల మీద ఎవరూ పాఠాలు చదువుకోరు.

ఆగిపోవడం కంటె ప్రమాదం

మితిమీరిన కంప్యూటరు చటుక్కున ఆగిపోతే నయమే. తప్పు జరిగిందని మనకు తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబు ఇస్తేనే ప్రమాదం. సంకేతం ఒక్క టిక్కు ఆలస్యమైతే 1 రావలసినచోట 0 మిగిలిపోవచ్చు. ఆ తప్పు దాచుకున్న ఫొటోలో చేరవచ్చు, మార్కుల పట్టికలో చేరవచ్చు. మనకు తెలిసేది ఎన్నో నెలల తర్వాత.

అందుకే ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ప్రైమ్95 అనే ప్రోగ్రామును గంటలతరబడి నడుపుతారు. ఇది మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకడానికి పుట్టినది. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి, వచ్చిన జవాబుతో పోల్చి చూస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా పట్టేస్తుంది.

2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు 10 లక్షల సొంత కంప్యూటర్లనుంచి అందిన నివేదికలను పరిశీలించారు. వేగం పెంచిన యంత్రాలు మామూలువాటికంటె ఎక్కువగా ఆగిపోతున్నాయని తేలింది. మరో సంగతి కూడా తేలింది. నిర్ణీత వేగంకంటె తగ్గించి నడిపినవి మామూలువాటికంటె నమ్మకంగా పనిచేశాయి.

వోల్టేజి ఎక్కువైతే చిప్పు ఆయుర్దాయమూ తగ్గుతుంది. ఇందుకు నిదర్శనం ఎక్కువ దూరంలో లేదు. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని తరచు ఆగిపోతున్నాయని ఫిర్యాదులు రాగా, ఇంటెల్ సంస్థ విచారణ జరిపింది. అవసరానికి మించిన వోల్టేజి వల్ల అవి దెబ్బతింటున్నాయని 2024లో ప్రకటించింది. బయోస్ ద్వారా దిద్దుబాటు ఇచ్చి, వారంటీని మరో 2 సంవత్సరాలు పొడిగించింది.

మరి కొనవచ్చా, మానవచ్చా?

ఓవర్‌క్లాకింగ్‌కు పనికివచ్చే మదర్‌బోర్డు మామూలుదానికంటె ఖరీదైనది. దానిలో ప్రాసెసరుకు వోల్టేజి అందించే భాగం బలంగా ఉంటుంది. దానిమీద వేడిని లాగే లోహపు పలకలుంటాయి. ఫ్యాన్లు తగిలించే చోట్లు ఎక్కువ. అమరిక తప్పితే మొదటి స్థితికి తెచ్చే మీట ఉంటుంది. ఇంటెల్ అయితే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసరు, 'జెడ్' వరుస బోర్డు రెండూ కావాలి. ఎఎండి రైజెన్ ప్రాసెసర్లకు 'బి', 'ఎక్స్' వరుసలు చాలు, 'ఎ' వరుస పనికిరాదు.

అనుకూలంగా చెప్పేవారి మాట కొట్టివేయదగినది కాదు. పాత కంప్యూటరును మరో రెండేళ్ళు వాడుకోవచ్చు. అంతకుమించి, ఒక్కొక్క మెట్టు పెంచి, ఉష్ణోగ్రత రాసుకుని, పరీక్షించి, మళ్ళీ పెంచడం అచ్చమైన ప్రయోగశాల పని. ఓమ్ నియమం పుస్తకంలోంచి లేచి వచ్చినట్లుంటుంది.

కాని నేటి ప్రాసెసర్లలో 1998 నాటి మిగులు లేదు. చల్లగా ఉన్నప్పుడు తామే వేగం పెంచుకుని, వేడెక్కగానే తగ్గించుకునే నేర్పు వాటికి వచ్చింది. మనం లాగగలిగింది చాలావరకు అవే లాగేస్తున్నాయి. పైగా పని ఆగుతున్నది డిస్కు దగ్గరో మెమొరీ దగ్గరో అయితే ప్రాసెసరును ఎంత తొందరపెట్టినా లాభం లేదు.

నా అభిప్రాయం ఇది. కొబ్బరి, వరి అమ్మిన డబ్బుతో ఇంట్లో చదువు కోసం కొన్న ఒక్కగానొక్క కంప్యూటరు జోలికి వెళ్ళకండి. ఖరీదైన బోర్డుకు పెట్టే డబ్బును మెమొరీకి, మంచి ఎస్ఎస్‌డీకి పెట్టడం మేలు. నేర్చుకోవాలనే కోరిక ఉందా, పక్కన పడేసిన పాత బోర్డు మీద పెద్దల అనుమతితో చేయండి. లేదా రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు మీద చేయండి. 2012లో వచ్చిన దాని మొదటి నమూనా వేగం 700 మెగాహెర్ట్జ్. వారంటీ పోకుండా 1,000 వరకు పెంచుకునే వీలును తయారీదారులే ఆ సంవత్సరం కల్పించారు. పాడైతే ఏమవుతుందో ముందే తెలుసుకుని దిగాలి. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవకూడదు కదా!

చేసి చూడండి

1. వేగం 25 శాతం, వోల్టేజి 20 శాతం పెంచితే వేడి ఎన్ని రెట్లు అవుతుంది?

2. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం తగ్గిస్తే వేడి ఎంత తగ్గుతుంది? మే నెలలో మనకు ఏది మేలో ఈ జవాబు చెబుతుంది.

3. వేగం పెంచినందువల్ల కంప్యూటరు 50 వాట్లు ఎక్కువ వాడుతున్నది. రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు ఎన్ని యూనిట్లు అదనం? మీ ఇంటి కరెంటు బిల్లు చూసి డబ్బు లెక్క కట్టండి.

4. ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. వేగం ఏమీ మార్చకుండానే, ఒక వారంపాటు ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు అదే పని చేయిస్తూ ఉష్ణోగ్రత రాసుకోండి. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసి గ్రాఫు గీయండి. రెండు గీతల మధ్య దూరం ఎలా ఉందో గమనించి, మీ సైన్సు మాస్టారికి చూపండి.