గోడపై రంగు.. లోపల బూజు!

దువ్వాడ: వానాకాలం ముగియగానే గోడలపై నల్లటి మచ్చలు కనిపించడం దువ్వాడ, కూర్మన్నపాలెం వంటి తీర ప్రాంతాల్లో పరిపాటి. వాటిపై పుట్టీ పెట్టి, రంగు వేయించి సరిపెట్టుకునేవారు అనేకులు. అయితే రంగు మచ్చను దాచగలదే గాని బూజును నిర్మూలించలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకినప్పుడు అద్దాలు పగిలి, పైకప్పులు ఎగిరి ఎన్నో భవనాలు తడిసిపోయాయి. అలా తడిసిన కట్టడాల్లోనే ఈ ముప్పు అధికం.

బూజు ఒక శిలీంధ్రం. తడిసిన వాటిని 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టకపోతే అది పెరగనారంభిస్తుంది. గదిలో తేమ 60 శాతం మించకుండా చూడాలి. విశాఖ తీరంలో బయటి గాలిలోనే తేమ తరచూ అంతకు మించి ఉంటుంది కనుక వాన రోజుల్లో కిటికీలు తెరిచినంత మాత్రాన గోడ ఆరదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధుల ముప్పు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది.

మరమ్మతుల్లో తొలుత శ్లాబు పగుళ్లు, పైపుల లీకులను అరికట్టాలి. పొడి బూజును గీకితే దాని బీజాలు ఇల్లంతా వ్యాపిస్తాయి. అందువల్ల ముందుగా తడిపి, ఎన్‌-95 మాస్కు, చేతి తొడుగులు ధరించి తొలగించాలి. బూజు పట్టిన పరుపులు, ఫాల్స్‌ సీలింగ్‌ పలకలను పారవేయడమే శ్రేయస్కరం. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో కలిపితే విషవాయువు వెలువడుతుంది. పని ముగిసే వరకు పసిపిల్లలను, ఉబ్బస రోగులను దూరంగా ఉంచాలి. గోడ పూర్తిగా ఆరిన తరువాతే రంగు వేయించాలి.