ప్రవచనం – దర్శన సాహిత్యం: తెలుగు బైబిలు పఠనంలో భేద వివేచన

కీలకపదాలు: ప్రవచనం, దర్శన సాహిత్యం, ఆమోసు, దానియేలు, ప్రకటన గ్రంథం, కాలజ్ఞానం

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి ప్రాంతాలలో 'ప్రవచనం' అనే మాట రెండు అర్థాలలో వినిపిస్తుంది. ఆలయ ప్రాంగణంలో అది పురాణేతిహాసాల వ్యాఖ్యానం. క్రైస్తవ ప్రార్థనా మందిరంలో ప్రవక్త నోట వెలువడిన దైవవాక్కు. వీటికి తోడు, ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనే నానుడి తెలుగు సమాజంలో స్థిరపడింది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞాన సంప్రదాయం కల్పించిన ఈ సంస్కారంతో బైబిలును చదివినప్పుడు ఆమోసు గ్రంథం, ప్రకటన గ్రంథం రెండూ 'జరగబోయేది చెప్పే పుస్తకాలు'గానే తోస్తాయి. నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రక్రియలు.

2. ప్రవచనం – షరతుతో కూడిన వాక్కు:

ప్రవక్త ముఖ్యంగా తన కాలపు ప్రజలతో మాట్లాడతాడు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవకు చెందిన ఆమోసు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్ళి దొంగ త్రాసులను, బీదల అణచివేతను ఖండించాడు. రాబోయే శిక్షను చెప్పడం ఆ ఖండనలో భాగమే. వర్తమానం మారాలనే భవిష్యత్తును ముందుంచుతాడు.

యోనా నీనెవెకు 40 దినాల గడువు ప్రకటించాడు. పట్టణస్థులు పశ్చాత్తాపపడగా నాశనం తప్పింది. మీకా యెరూషలేము పాడవుతుందని హెచ్చరించగా, హిజ్కియా రాజు దైవభీతితో వేడుకొన్నందువల్ల కీడు తొలగిందని యిర్మీయా గ్రంథం 26వ అధ్యాయంలో పెద్దలు గుర్తుచేస్తారు. చెప్పింది జరగకపోవడం ఇక్కడ వైఫల్యం కాదు. హెచ్చరిక ఫలించిందనడానికి నిదర్శనం.

3. దర్శన సాహిత్యం – మరుగు తొలగింపు:

గ్రీకు పదం 'అపొకాలుప్సిస్'కు మరుగును తొలగించడం అని అర్థం. తెలుగు బైబిలులో ఇది 'ప్రకటన' అయింది. లోకాతీత వ్యక్తి ద్వారా మానవునికి అంత్యకాల రక్షణను, అలౌకిక లోకాన్ని వెల్లడించే కథనరూప రచనగా ఈ ప్రక్రియను జాన్ జె. కాలిన్స్ 1979లో నిర్వచించారు.

ప్రవక్త వాక్కును విని పలుకుతాడు. ద్రష్ట దృశ్యాన్ని చూసి వ్రాస్తాడు. మృగాలు, కొమ్ములు, సంఖ్యల అర్థం అతనికి దేవదూత విప్పిచెప్పాలి. దానియేలు 7–12 అధ్యాయాలు నాలుగవ అంతియొకస్ హింసాకాలంలో, సుమారు క్రీ.పూ. 167–164 మధ్య రూపొందాయని అధిక సంఖ్యాకులైన పండితుల అభిప్రాయం. ప్రకటన గ్రంథం రోమా ఆధిపత్యం కింది ఆసియాలోని ఏడు సంఘాలకు వ్రాయబడింది. ఇక్కడ చరిత్ర గమ్యం నిర్ణయమై ఉంటుంది, శ్రోతలు బాధితులు. "ఎంతకాలం?" అన్నది వారి ప్రశ్న. ప్రవక్త "మారండి" అంటే, ద్రష్ట "నిలబడండి" అంటాడు.

4. కలిసే సరిహద్దులు:

ఈ భేదం గోడ కట్టినట్లు ఉండదు. యెషయా 24–27 అధ్యాయాలలోనూ, జెకర్యా గ్రంథంలోనూ దర్శన సాహిత్య లక్షణాలు కనిపిస్తాయి. ప్రకటన గ్రంథం తనను తాను ప్రవచనంగా చెప్పుకొని, ఏడు సంఘాలలో పలు సంఘాలను మారుమనస్సు పొందమని కోరుతుంది. హెబ్రీ బైబిలు దానియేలును ప్రవక్తల విభాగంలో కాక 'రచనలు' విభాగంలో ఉంచింది. క్రైస్తవ వరుసను అనుసరించిన తెలుగు బైబిలులో అది యెహెజ్కేలు తరువాత వస్తుంది. పాఠకుని సందిగ్ధతకు ఈ అమరిక కూడా ఒక కారణం.

5. అన్వయం:

2020 అక్టోబరు వర్షాలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగాయి. ఇటువంటి విపత్తును కేవలం అంత్యకాల సూచనగా చదివితే చెరువు గురించిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఆమోసు మార్గంలో చదివితే నీటి దారులు ఎందుకు మూసుకుపోయాయి, ముంపు భారం ఎవరిపై పడింది అనే విచారణ మొదలవుతుంది. దర్శన సాహిత్యాన్ని దాని సందర్భంలో చదివినా తేదీల పట్టిక దొరకదు. సర్వం కోల్పోయినవారికి అన్యాయానిదే తుది మాట కాదనే ధైర్యం దొరుకుతుంది.

6. ముగింపు:

ప్రవచనం బాధ్యతను, దర్శన సాహిత్యం నిరీక్షణను బోధిస్తాయి. రెండింటినీ జోస్యంగా కుదించినప్పుడు బాధ్యత స్థానంలో భయం, నిరీక్షణ స్థానంలో లెక్కలు చేరుతాయి. కనుక గ్రంథం ఏమి జరుగుతుందని చెబుతోందో వెదకడానికి ముందు, అది ఎవరితో, ఏ స్థితిలో, ఏమి చేయమని మాట్లాడుతోందో గుర్తించడం తెలుగు పాఠకునికి ఆవశ్యకం.